అక్క బ్లాక్ చేసిన తమ్ముడు

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
ఏప్రిల్ 11

అక్కకు,

భయంతో ఒకటి, భక్తితో ఒకటి, మొత్తం రెండు నమస్కారాలు.

చేత్తో ఉత్తరం రాసి పదిహేనేళ్ళు దాటింది. అక్షరాలు వంకరపోతే నవ్వకు. మూడు నెలలుగా నీకు రోజుకు పన్నెండు మెయిళ్ళకు తక్కువ కాకుండా పంపుతున్నాను. పొద్దున్నే పూల బొమ్మతో శుభోదయం, పదింటికి వెల్లుల్లి మహిమ, మధ్యాహ్నం తెలియని నెంబరు నుంచి ఫోనొస్తే ఎత్తకూడదన్న హెచ్చరిక, సాయంత్రం జీవిత సత్యాలు. ఒక్కదానికీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇదివరకు కనీసం "చాల్లే, ఆపు" అని రాసేదానివి. ఇప్పుడు ఆ మాటకే మొహం వాచిపోయి ఉన్నాను.

నీకు కోపమొచ్చిందని అర్థమైంది. మన ఇంట్లో నీ కోపానికి గొంతుండదు. ఎనిమిదేళ్ళప్పుడు నేను సైకిల్ అడిగితే నువ్వు వద్దనలేదు, మూడు రోజులు మాట్లాడ్డం మానేశావు. నాటకాల్లో చేరతానంటే తొమ్మిది రోజులు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే కాబట్టి నీ మౌనమే మనింటి చట్టం. పోనీ ఫోన్ చేద్దామంటే, నువ్వు ఎత్తి కూడా ఏమీ మాట్లాడకపోతే తట్టుకునే గుండె నాకు లేదు.

కారణం ఏమిటా అని ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కిపోయింది. బావ కళ్ళజోడు సంగతి బయటపడి ఉంటుంది. నిజమే అక్కా. కిందటేడు నేను బిగించిన జోడులో కుడి కంటి అద్దం ఎడమ వైపు, ఎడమ కంటిది కుడి వైపు పెట్టాను. ఆయన ఇంటికి వెళ్ళిపోయాక గాని నాకు తట్టలేదు. ఫోన్ చేసి "అక్షరాలు ఈదుతున్నాయేమిట్రా" అని అడిగితే, "కొత్తలో అంతే బావా, అలవాటైపోతుంది" అన్నాను. ఆయన మెడ వంచి పేపరు చదివేది మెడనొప్పి వల్ల కాదు. మెడనొప్పే అలా చదవడం వల్ల వచ్చింది.

క్షమించు. ఆ ఇంకో సంగతి మాత్రం అడగను. దానికి నీ జవాబు నాకు అందింది. తల వంచాను.

నీ తమ్ముడు


బైండింగు గది
ఏప్రిల్ 19

తమ్ముడికి,

లైబ్రరీవాళ్ళు రెండు వందల పుస్తకాలు తెచ్చి పడేశారు. అన్నిటికీ అట్టలు ఊడిపోయాయి. చేతులు జిగురుతో ఉన్నాయి కాబట్టి ఈ కాగితం నీ వేళ్ళకి అంటుకుంటే తిట్టుకోకు.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. నేను ముగించేసరికి ఆయన మెడకు కట్టుకున్న పట్టీ విప్పి గోడ మీదున్న నీ ఫొటోకి గురిచూసి విసిరాడు. ఏడాదిగా ఇద్దరు డాక్టర్లు, మూడు రకాల దిళ్ళు, గోడకానుకుని చేసే వ్యాయామాలు! "వాడికి కుడికన్నేదో తెలియకపోతే చెప్పమను, వచ్చి వేలు పెట్టి చూపిస్తాను" అంటున్నాడు. ఎవరి కంట్లో పెడతాడో చెప్పలేదు. కొత్త జోడు తొందరగా పంపు.

ఇక నా కోపం సంగతి. ఎందుకో నేను చెప్పను. జోడు ఒక్కటే అనుకుంటున్నావా? తీరిగ్గా కూర్చుని చిన్నప్పటి నుంచి మొదలుపెట్టు. అన్నీ రాయి.

చివర్లో ఆ "తల వంచాను" ఏమిట్రా? నీ చేత నాటకాలు మాన్పించానని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఎక్కడ మానావు?

ఉత్తరమే రాయి. మెయిల్ వద్దు.

అక్క


కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
ఏప్రిల్ 28

అక్కకు, ఈసారి నమస్కారాలు బావకు కూడా కలిపి,

జోడు వేరే పార్సిల్లో పంపాను. కుడి అద్దం మీద "కుడి" అని చిన్న చీటీ అంటించాను. పెట్టుకునేముందు పీకెయ్యమని చెప్పు, లేకపోతే ఆయన అలాగే పెట్టుకుని వీధిలోకి పోతాడు.

చిన్నప్పటి నుంచి అన్నావు. పదమూడో ఏట నుంచి మొదలుపెడతాను, అంతకుముందువి నువ్వు పట్టుకోకుండా వదిలినవేవీ లేవు. నీ పెళ్ళి ఫొటోలు ఒక్కటీ రాలేదు కదా. ఫొటోగ్రాఫర్ తాగొచ్చి రీలు ఎక్కించకుండానే క్లిక్కులు కొట్టాడని బావ తరఫువాళ్ళు ఇప్పటికీ తిడుతుంటారు. ఆయన తాగలేదు. భోజనానికి వెళ్తూ కెమెరా కుర్చీలో పెట్టాడు. ఇంతమంది మనుషులు లోపల ఎక్కడ సర్దుకున్నారో చూద్దామని నేను వెనక మూత తీశాను. నల్లటి రిబ్బను ఒకటి వచ్చింది. మొత్తం లాగి వెలుతురులో పెట్టి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ చుట్టి పెట్టేసి, వెళ్ళి నీ పక్కన కూర్చుని భోంచేశాను. నాకు అద్దాల పిచ్చి పట్టింది ఆ రోజే అనుకుంటా.

రెండోది స్వెటర్లు. ఏటా ఒకటి అల్లి పంపుతావు కదా. వాటిలో నాలుగింటిని ముక్కలు చేసి అద్దాలు తుడుస్తున్నాను. అంత మెత్తటి గుడ్డ ఏ కంపెనీవాడూ చెయ్యలేడు, దీన్ని పొగడ్త కింద రాసుకో. నీలం రంగుది మాత్రం ముక్కలు చెయ్యలేదు. బస్సులో మర్చిపోయానని చెప్పాను గానీ, మర్చిపోలేదు. ఒకరికి ఇచ్చాను.

ఇక కోపం పోయిందా? మొన్న నీ చేతిరాత చూసి, అందులో తిట్లే ఉన్నా, షాపు తలుపు దగ్గరగా వేసి కాసేపు కూర్చుండిపోయాను.

తమ్ముడు


బైండింగు గది
మే 6

ఒరేయ్ దొంగవెధవా,

నీకు నమస్కారాలు కాదు, మొట్టికాయలు వెయ్యాలి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ ఫొటోగ్రాఫర్ ఎదురైతే మీ బావ మొహం తిప్పుకుని రోడ్డు దాటి పోతున్నాడు! మొన్న ఆదివారం ఇద్దరం ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాం. కర్ర పట్టుకుని తలుపు తీశాడు. నీ ఉత్తరంలో ఆ పేరా చదివాను. "నేను తాగలేదు మొర్రో అని ఆ రోజు నుంచీ చెప్తున్నానమ్మా, ఎవరైనా విన్నారా?" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో లోపలికి వెళ్ళి కెమెరా తెచ్చి, మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టి ఒక ఫొటో తీశాడు. మీ బావ మొహాన కొత్త జోడు, నా చీర మీద జిగురు మరక. మా పెళ్ళి ఫొటో ఇక అదే.

స్వెటర్ ముక్కలు చేసినందుకు వచ్చే ఏడు నీకు అల్లేది లేదు. నీలం దాని ఎడమ చెయ్యి కుడి చెయ్యికంటే రెండంగుళాలు పొడుగొచ్చిందని నాకూ తెలుసు. అలాంటిది తీసుకున్నారంటే ఆ "ఒకరు" చాలా ఓపిక గల మనిషై ఉండాలి. ఎవరు? ఆడవాళ్ళా? నీ బతుకులో ఇంత సంగతి జరుగుతుంటే నాతో ఒక్క మాట చెప్పాలని, నన్ను అడగాలని నీకు తోచలేదా?

అక్క


కళ్ళజోళ్ళ షాపు
మే 15

అక్కా,

ఈ ఉత్తరంలో నవ్వడానికి ఏమీ లేదు. వెతక్కు.

అడగలేదా? జనవరి ఇరవైన మెయిల్లో అడిగాను. నీ కంట్లో పడాలని పైన "ఈ అవకాశం మళ్ళీ రాదు, వెంటనే తెరవండి" అని పెట్టాను. మూడు గంటలు కూర్చుని రాశాను. మా షాపుకి ఎదురుగా లాండ్రీ నడిపే ఆవిడ గురించి. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. నా చొక్కాకి బొత్తం ఊడితే అడక్కుండానే కుట్టి ఇస్తుంది. ఆవిడకు చత్వారం వస్తే నేనే అద్దాలు చేసిచ్చాను. కుడీ ఎడమా నాలుగుసార్లు సరిచూసుకున్నాను. కౌంటరు దగ్గర చలికి వణుకుతుంటే నీ స్వెటర్ ఇచ్చాను. నలభై ఏడేళ్ళొచ్చాక నాకు ఒక మనిషితో కలిసి రోజూ భోంచెయ్యాలని అనిపించింది. "మా అక్కని అడిగి నెలలో చెప్తాను" అన్నాను ఆవిడతో. నీకు ఇలా రాశాను: "ఇష్టం లేకపోతే ఎప్పటిలాగే మాట్లాడకు. నాకర్థమవుతుంది."

నువ్వు మాట్లాడలేదు.

నెల చూసి, ఫిబ్రవరి ఇరవైన ఆవిడకు మెయిల్ పెట్టాను. "మా అక్కకి ఇష్టం లేదు, నన్ను మర్చిపోండి" అని. రోడ్డు దాటి, మొహం చూసి చెప్పే ధైర్యం నాకెక్కడిది? మర్నాడు పొద్దున్న షట్టర్ ఎత్తుతూ ఆవిడ నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వి చెయ్యూపింది. ఎంత పెద్ద మనసో చూడు. ఆ నవ్వు చూడలేక అప్పటి నుంచి వెనక సందులోంచి షాపుకి వస్తున్నాను. ఉతకడానికిచ్చిన పదకొండు చొక్కాలు అక్కడే ఉండిపోయాయి. మిగిలిన రెండూ నేనే ఉతుక్కుని నలిగినవే తొడుక్కుంటున్నాను.

చదివి మర్చిపోయావా అక్కా? అంత చిన్న సంగతా?


బైండింగు గది
మే 20

నాన్నా,

ఉదయం నుంచి తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తడం లేదు. అందుకని రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదువు.

నీ మెయిల్ నేను చదవలేదు. జనవరి మొదటి వారం తర్వాత నువ్వు పంపినవి ఏవీ చదవలేదు. నిన్ను బ్లాక్ చేశాను.

నా ఫోన్లోకి రోజూ అడ్డమైనవాళ్ళ మెయిళ్ళూ వచ్చి పడేవి. లాటరీ తగిలిందని ఒకడు, బట్టతల మీద జుట్టు మొలిపిస్తానని ఒకడు, తన ఆస్తి నా పేర రాస్తానని ఎక్కడివాడో ఒక రాజకుమారుడు. మీ బావ చూసి, "మెయిల్ తెరిచి మూలనున్న మూడు చుక్కలు నొక్కు, బ్లాక్ అని వస్తుంది, అది నొక్కావంటే వాడి పీడ విరగడైనట్టే" అని చూపించాడు. వేళ్ళకి జిగురని కణుపుతో నొక్కాను. లాటరీవాడు పోయాడు. ఎంత హాయిగా ఉందో! జుట్టువాణ్ణి నొక్కాను. రాజకుమారుణ్ణి నొక్కాను. ఆ ఊపులో ఉండగా నువ్వు పంపిన "గోళ్ళను బట్టి గుణం" కనిపించింది. నొక్కేశాను. ఒక వారం ఊపిరి పీల్చుకుని మళ్ళీ తెరుద్దామనుకున్నాను. ఆ వారం ఎంత ప్రశాంతంగా గడిచిందంటే, ఇంకో వారం చూద్దామనిపించింది.

నీ మొదటి ఉత్తరం అందగానే ఇది చెప్పాల్సింది. కానీ జోడు సంగతి చదివాక, నోరు మూసుకుని కూర్చుంటే ఇంకా ఏమేం కక్కుతాడో చూద్దామన్న దుర్బుద్ధి పుట్టింది. నువ్వక్కడ నలిగిన చొక్కాతో సందుల్లో తిరుగుతుంటే నేనిక్కడ పగలబడి నవ్వుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది. నీ మెయిల్ కోసం, బ్లాక్ చేసినవాళ్ళవి పోయి పడే స్పామ్ పెట్టె అంతా గాలించాను. అక్కడ పడినవి ముప్ఫై రోజులు దాటితే వాటంతటవే పోతాయట. మిగిలినవి పూల బొమ్మలే.

ఇంకో మాట. సైకిల్ అడిగినప్పుడు నేను వద్దనుకుని ఊరుకోలేదు. కొనే స్తోమత లేదు, ఆ మాట ఎనిమిదేళ్ళవాడితో అనడానికి నోరు రాలేదు. నువ్వు దాన్ని చట్టం చేసుకున్నావు. నాకూ సుఖంగానే ఉండి ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

ఇప్పుడు నోరు తెరిచి చెప్తున్నాను. సరే. నాకు ఇష్టమే. లేచి రోడ్డు దాటు.

అక్క


కళ్ళజోళ్ళ షాపు
మే 27

బైండింగు గది యజమానురాలికి,

అంటే వరసలో లాటరీవాడు, జుట్టువాడు, రాజకుమారుడు, తర్వాత నేను. రాజకుమారుడైనా నీకు ఆస్తి ఇస్తానన్నాడు, నేను గోళ్ళ సంగతులు మాత్రమే పంపాను. అర్థమైంది.

పూల బొమ్మ ఎందుకు పంపుతానో తెలుసా? నేను బతికే ఉన్నాను, నువ్వెలా ఉన్నావు అని అడగడానికి. నాకు మరో రకంగా అడగడం చేతకాదు. అది నీకు పీడ అయింది.

రోడ్డు దాటమంటున్నావు. ఏ మొహం పెట్టుకుని దాటను? "మా అక్క నన్ను లాటరీవాడితో కలిపి నొక్కేసిందండీ, అందుకని మీకు వద్దని చెప్పాను" అనా? పాపం ఆవిడ ఎలాగో దిగమింగుకుని నవ్వుతూ తిరుగుతోంది. మళ్ళీ వెళ్ళి కెలకలేను.

ఫోన్ చెయ్యకు. ఉత్తరం రాయకు. నీ మెయిల్ని నేనూ బ్లాక్ చేశాను. ఎప్పుడో రాసిన "చాల్లే, ఆపు" తప్ప నువ్వు ఏమీ పంపలేదు కాబట్టి నీ పేరు వెతికి పట్టుకోవడానికే పావుగంట పట్టింది.


బైండింగు గది
జూన్ 2

కళ్ళజోళ్ళ షాపు ఎదుట లాండ్రీ నడిపే అమ్మగారికి,

నేను ఆ కళ్ళజోళ్ళ మనిషి అక్కని. మీరు వేసుకునే నీలం స్వెటర్ అల్లింది నేనే. చేతులు ఎచ్చుతగ్గులు వచ్చినందుకు ముందుగా క్షమించండి. దానికంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను.

మా వాడు మీకు వద్దని చెప్పడానికి కారణం నేను. కానీ నేను వద్దనలేదు. వాడు పంపే చెత్త భరించలేక మెయిల్లో వాణ్ణి బ్లాక్ చేశాను. మీ గురించి రాసింది కూడా ఆ చెత్తలోనే కలిసిపోయింది. నేను పలకలేదు కాబట్టి వద్దన్నానని వాడు అనుకున్నాడు. తప్పు నాది, దెబ్బ మీ ఇద్దరిదీ. వాడు పిరికివాడు గానీ చెడ్డవాడు కాదు. ఒకసారి చేసిన తప్పు ముప్ఫై నాలుగేళ్ళు దాచుకుంటాడు గానీ, చివరికి తనే ఒప్పేసుకుంటాడు.

మీ మనసు విరిగిపోయి ఉంటే నేనేం అనలేను. ఏ కాస్త మిగిలి ఉన్నా వాడితో ఒక్కసారి మాట్లాడండి. వాడంతట వాడు ఈ జన్మలో రోడ్డు దాటడు.

మీకు అపకారం చేసిన ఒక అక్క


లాండ్రీ, ముందు కౌంటరు
జూన్ 9

అక్కగారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివినా నాకేమీ అర్థం కాలేదు. మీ తమ్ముడుగారు నాకు వద్దని ఎప్పుడు చెప్పారండీ?

నెలలో చెప్తానన్నారు. ఐదు నెలలు కావస్తోంది. మీరింకా జవాబు ఇవ్వలేదేమో, నాకు చెప్పడానికి మొహమాటపడి సందులోంచి తిరుగుతున్నారేమో అనుకుని నేనే సర్దిచెప్పుకుంటున్నాను. కనబడినప్పుడు చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆయన చొక్కాలు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి ఏదో ఒక రోజు రాక తప్పదనే ధీమా.

మీ ఉత్తరంలో మెయిల్ అన్న మాట చూశాక నాలుక కరుచుకున్నాను. మీరు నవ్వకూడదు. ఆయన్ని నేనూ బ్లాక్ చేశాను. హోటలువాళ్ళ దుప్పట్ల సంగతి నాకు మెయిల్లోనే వస్తుంది. ఫిబ్రవరి మొదట్లో ఒకరోజు మీ తమ్ముడుగారి వెల్లుల్లి, సూక్తులు, సూర్యోదయాలు పైన పడి హోటలువాళ్ళ మెయిల్ కిందికి పోయింది. వాళ్ళు ఎనభై దిండు గలీబులు లేకుండా ఒక పూట గడపాల్సి వచ్చింది. ఆ కోపంలో నొక్కేశాను. ఎదురుగా ఉండే మనిషి, చెప్పేదేదైనా ఉంటే వచ్చి చెప్తారు కదా అనుకున్నాను.

మీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే పదకొండు చొక్కాలూ హ్యాంగర్లతో సహా ఎత్తుకుని రోడ్డు దాటాను. నన్ను చూడగానే ఆయన కళ్ళు పరీక్షించే పెద్ద పట్టిక వెనక దాక్కున్నారు. కింద నుంచి చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి.

"బయటికి రండి. మెయిల్లో నాకేదైనా రాశారా?"

"చదవలేదా?"

"మీవి నాకు రావండీ. బ్లాక్ చేశాను."

"మీరు కూడానా!" అన్నారు. ఆ మొహం మీరు చూడాల్సింది.

"మెయిళ్ళని చేశాను, మిమ్మల్ని కాదు. మీ అక్కగారు ఏమన్నారో ఇప్పుడు నోటితో చెప్పండి."

అద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. "సరే అంది" అన్నారు.

"మరి మీరు?"

"నేను జనవరిలోనే అన్నాను కదండీ."

తర్వాత ఇస్త్రీ చొక్కా ఒకటి తీసుకుని మళ్ళీ ఆ పట్టిక వెనక్కే వెళ్ళి తొడుక్కుని వచ్చారు. బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నారు. నేనే సరిచేశాను. ఆ పూట ఇద్దరం మా కౌంటరు మీదే భోంచేశాం.

మీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది ఆయనకు. నేను చూసుకుంటాను. అక్కగారూ అని మొదలుపెట్టాను గానీ, ఇకమీద వదినగారూ అంటాను. మీకు అభ్యంతరం ఉంటే మాత్రం మౌనంగా ఉండకండి. నోటితో చెప్పండి.


బైండింగు గది
జూన్ 16

మరదలికి,

అభ్యంతరం లేదు. ఉత్తరం అందిన పూటే రాస్తున్నాను, మౌనమన్న మాట మళ్ళీ మన ఇంట్లో వినపడకూడదు. చదివి మీ అన్నయ్య ఎంత నవ్వాడంటే, ఆ పట్టిక వెనక చెప్పుల దగ్గర ఆపి నా చేత మూడుసార్లు చదివించుకున్నాడు.

వాడి మీద వేసిన బ్లాకు నిన్న తీసేశాను. పొద్దున్నే మొదటి మెయిల్ వచ్చింది. "కోపిష్టి మనుషులను గుర్తించడానికి ఏడు లక్షణాలు." ఏడూ చదివాను. కింద "నేనూ బతికే ఉన్నాను" అని జవాబు రాశాను. వాడూ నా మీద వేసిన బ్లాకు తీసేసినట్టున్నాడు, మధ్యాహ్నానికి ఇంకో పద్నాలుగు వచ్చిపడ్డాయి. ఈసారి నొక్కలేదు, పక్కనే ఇంకో పెట్టె చేసి వాడివన్నీ అందులో పడేలా మీ అన్నయ్య చేత చేయించాను. రోజుకోసారి తెరిచి చూస్తాను. హోటలువాళ్ళ దుప్పట్లకి అడ్డం రాకుండా నువ్వూ అలాగే చేసుకో.

పెళ్ళికి ఫొటోలు ఆ పెద్దాయనే తీస్తానన్నాడు. భోజనాల వేళ కెమెరా నా ఒళ్ళో ఉంటుందని చెప్పి ఒప్పించాను.

వదిన